వట్టికాళ్ల పరుగు

బూట్లు విప్పి పరుగెత్తితే మోకాళ్లు పదిలం... అంటారు కొందరు. విప్పితే పాదం ఎముకలే విరుగుతాయి... అంటారు మరికొందరు. ఇద్దరి మాటలోనూ నిజం ఉంది. అందుకే, బూట్ల తాళ్లు విప్పేముందు ఈ కథంతా ఓసారి వినాలి!

1960 సెప్టెంబరు 10. రోమ్ నగరం. ఎండ వేడి తగ్గాక, సాయంత్రం పూట ఒలింపిక్స్ మారథాన్ మొదలైంది. బారులు తీరిన అథ్లెట్ల మధ్య బక్కపలచటి యువకుడొకడు నిలబడి ఉన్నాడు. ఛాతీ మీద 11వ నంబరు. కాళ్లకు మాత్రం బూట్లు లేవు! అతనెవరో అక్కడ చాలామందికి తెలియదు. చక్రవర్తి హెయిలే సెలాసీ అంగరక్షక దళంలో సైనికుడు. పేరు అబెబె బికిలా. దేశం ఇథియోపియా. 

రోమ్‌కు వచ్చాక కొత్త బూట్లు తొడుక్కుని చూశాడు. అవి పాదాలకు సరిపడలేదు, నొక్కేస్తున్నాయి. ఇంటి దగ్గర వట్టికాళ్లతో సాధన చేసిన అనుభవం ఎలాగూ ఉంది. కోచ్ ఓని నిస్కనెన్‌తో మాట్లాడుకుని, బూట్లు పక్కన పెట్టేశాడు.

చీకటి పడింది. దారి పొడవునా సైనికులు కాగడాలు పట్టుకుని నిలబడ్డారు. రాళ్లు పరిచిన ప్రాచీన ఆపియన్ మార్గం మీద రెండు ఉత్తకాళ్లు చప్పుడు లేకుండా దూసుకొస్తున్నాయి. ముగింపు దగ్గరపడుతుండగా ఓ పెద్ద రాతి స్తంభం ఎదురైంది. 1937లో ముస్సోలినీ సేనలు ఇథియోపియాలోని ఆక్సుమ్ నుంచి పెకలించి తెచ్చిన స్తంభం అది. తన దేశం సొత్తు! ఆ ప్రాంతంలోనే బికిలా వేగం పెంచాడు. అప్పటిదాకా పక్కనే వస్తున్న మొరాకో అథ్లెట్ రాది బెన్ అబ్దెస్సలామ్ వెనకబడిపోయాడు. కాన్‌స్టంటైన్ కమాను దగ్గర గీత దాటేసరికి గడియారం చూపించిన సమయం 2 గంటల 15 నిమిషాల 16.2 సెకన్లు. అప్పటికి ప్రపంచంలో అదే అత్యుత్తమం. ఇథియోపియాకు అదే మొట్టమొదటి ఒలింపిక్ స్వర్ణం.

ఇటలీ సేనలు ఆక్రమించిన దేశం నుంచి వచ్చిన ఓ సైనికుడు, ఆ ఇటలీ రాజధానిలో, కాళ్లకు ఏమీ లేకుండా గెలిచాడు. ఆ స్తంభం తిరిగి ఇథియోపియా చేరడానికి మాత్రం 2005 దాకా ఆగాల్సి వచ్చింది.

ఆ రాత్రి ప్రపంచం ముందుకొచ్చిన ప్రశ్న ఇంకా అలాగే ఉంది. మనిషి పరుగెత్తడానికి బూట్లు నిజంగా అవసరమా?

మడమ కింద మెత్త

ఇప్పుడు దుకాణానికెళ్లి రన్నింగ్ షూ అడిగితే, మడమ కింద దిండులాంటి మెత్తతో ఉన్న జతలు పది చూపిస్తారు. ఎప్పటి నుంచో ఇవి ఇలాగే ఉన్నాయనుకుంటాం. కానీ, వీటి వయసు యాభై ఏళ్లు దాటి ఎంతో కాలం కాలేదు. అంతకుముందు పరుగువీరులు వేసుకున్నవి పలచటి రబ్బరు అడుగున్న సాదాసీదా బూట్లే.

1960ల చివర్లో అమెరికాలో జాగింగ్ పిచ్చి మొదలైంది. ఒరెగాన్ విశ్వవిద్యాలయం కోచ్ బిల్ బోవర్‌మన్ 1967లో జాగింగ్ మీద పుస్తకం రాశాడు. అదే బోవర్‌మన్ 1971లో వంటింట్లోకి దూరి, భార్య వాఫుల్స్ చేసుకునే పెనంలో రబ్బరు పోశాడు. పెనం పాడైపోయింది కానీ, నేలను గట్టిగా పట్టుకునే కొత్త రకం సోల్ పుట్టింది. నైకీ సంస్థ ఎదుగుదలకు అదో మెట్టు. ఆ తర్వాత ఒకదాన్ని మించి మరొకటిగా బూట్లు వచ్చాయి. ఆఫీసులో కూర్చుని కూర్చుని, నలభై ఏళ్లకు పరుగు మొదలుపెట్టేవాళ్ల కోసం మడమ కింద మెత్త పెరిగింది. గాలి నింపిన సోల్, జెల్ నింపిన సోల్ వచ్చాయి. మామూలు రన్నింగ్ షూలో మడమ, కాలివేళ్ల కన్నా 10 నుంచి 12 మిల్లీమీటర్లు ఎత్తులో ఉండటం రివాజైపోయింది.

ఇంత చేసినా పరుగెత్తేవాళ్లకు దెబ్బలు తగలడం ఆగలేదు. మోకాళ్ల నొప్పులు, పిక్క ఎముక నొప్పులు, మడమ నొప్పులు... అన్నీ అలాగే ఉన్నాయి. 'మందు ఇంత వేసినా రోగం తగ్గలేదంటే, మందులోనే తేడా ఉందేమో' అన్న అనుమానం కొందరికి కలిగింది.

స్ప్రింగు లాంటి పాదం

మన పాదాన్ని మనం పెద్దగా పట్టించుకోం గానీ, అదో అద్భుతమైన యంత్రం. ఒక్కో పాదంలో 26 ఎముకలు, 33 కీళ్లు ఉంటాయి. కండరాలు, స్నాయువులు, కీళ్లను కట్టి ఉంచే తంతువులు కలిపితే వంద దాటతాయి. అరికాలి మధ్యనున్న వంపు... ఒత్తిడి పడగానే కొంచెం సాగుతుంది, కాలు లేపగానే మళ్లీ ముడుచుకుంటుంది. అచ్చం స్ప్రింగులా! మడమ వెనక తాడులా తగిలే అకిలిస్ స్నాయువు పనీ ఇదే. నేలను తాకినప్పుడు శక్తిని దాచుకుని, కాలు లేచేటప్పుడు తిరిగి ఇచ్చేస్తుంది.

హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో మానవ పరిణామాన్ని అధ్యయనం చేసే డేనియల్ లీబర్‌మన్‌కు ఈ స్ప్రింగు మీద ఆసక్తి. మనిషి శరీరం సుదూర పరుగుకు అనువుగా రూపుదిద్దుకుందని 2004లో డెన్నిస్ బ్రాంబుల్‌తో కలిసి 'నేచర్' పత్రికలో రాశాడు. 2010లో అదే పత్రికలో వచ్చిన ఆయన బృందం పరిశోధన పరుగు ప్రపంచాన్ని కుదిపేసింది. కెన్యా, అమెరికాల్లో బూట్లు అలవాటున్నవాళ్లను, చిన్నప్పటి నుంచీ వట్టికాళ్లతో పరుగెత్తినవాళ్లను పరుగెత్తించి చూశారు.

తేడా స్పష్టంగా కనిపించింది. బూట్లు వేసుకున్నవాళ్లలో ఎక్కువమంది మడమను ముందు నేలకు ఆనిస్తున్నారు. ఆ క్షణంలో శరీరం బరువుకు ఒకటిన్నర నుంచి మూడు రెట్ల బలం ఒక్కసారిగా కాలి మీద పడుతుంది. సుత్తితో కొట్టినట్టన్నమాట. వట్టికాళ్ల అలవాటున్నవాళ్లు చాలావరకు పాదం ముందు భాగాన్ని కానీ, పాదం మొత్తాన్ని ఒకేసారి కానీ ఆనిస్తున్నారు. తర్వాత మడమ మెల్లగా దిగుతోంది. వాళ్లలో ఆ సుత్తిదెబ్బ దాదాపు లేదు.

కారణం తేలికే. గట్టి నేల మీద ఉత్త మడమతో దబ్బుమని దిగి చూడండి... మెదడు దాకా తెలుస్తుంది! రెండోసారి మీ అంతట మీరే జాగ్రత్తపడతారు. మెత్తటి బూటు ఆ నొప్పి తెలియనివ్వదు. నొప్పి తెలియదు కాబట్టి మడమ మీద దిగడమే అలవాటైపోతుంది. ఒక్కో కాలు కిలోమీటరుకు సుమారు 600 సార్లు నేలను తాకుతుంది. పది కిలోమీటర్లంటే ఆరు వేల దెబ్బలు!

టైరు చెప్పుల వీరులు

ఈ పరిశోధనకు కొద్దినెలల ముందే, 2009లో, అమెరికా పాత్రికేయుడు క్రిస్టఫర్ మెక్‌డూగల్ రాసిన 'బోర్న్ టు రన్' పుస్తకం వచ్చింది. మెక్సికోలోని కాపర్ కాన్యన్ లోయల్లో నివసించే తారాహుమారా తెగ గురించి అందులో రాశాడు. ఆ తెగ తమను తాము 'రరామురి' అని పిలుచుకుంటుంది. కొండల్లో వందల కిలోమీటర్లు అవలీలగా తిరిగే ఆ జనం కాళ్లకు ఉండేవి పాత టైర్లు కోసి, తోలు తాళ్లు కట్టుకున్న పలచటి చెప్పులే.

వాళ్ల సత్తా ఏమిటో అమెరికాకు అంతకుముందే తెలుసు. కొలరాడో కొండల్లో లెడ్‌విల్లే దగ్గర ఏటా వంద మైళ్ల పరుగు జరుగుతుంది. అంటే 160 కిలోమీటర్లు. అదీ, సముద్ర మట్టానికి మూడు వేల మీటర్ల పైన! 1993లో ఆ పోటీలో మొదట గీత దాటింది విక్టోరియానో చుర్రో అనే తారాహుమారా రైతు. అతని వయసు అప్పటికి 55. మరుసటి ఏడాదీ ఆ తెగకు చెందిన హువాన్ హెరేరానే గెలిచాడు.

పుస్తకం అమ్ముడుపోయింది. దాంతోపాటే వేళ్ల బూట్లూ అమ్ముడుపోయాయి. చేతికి గ్లౌజు తొడిగినట్టు, ఒక్కో కాలివేలికి ఒక్కో తొడుగు ఉండే 'ఫైవ్‌ఫింగర్స్'. ఇటలీలో డిజైన్ చదువుకుంటున్న రాబర్ట్ ఫ్లిరి అనే కుర్రాడి ఆలోచన అది. సోళ్ల తయారీలో పేరున్న విబ్రామ్ సంస్థ మార్కెట్లోకి తెచ్చింది. బికిలా పేరుతో కూడా ఓ మోడల్ వచ్చింది. 'మినిమలిస్ట్ షూ' అన్న మాట అలా జనం నోళ్లలో పడింది. పలచటి అడుగు, మడమకూ వేళ్లకూ ఎత్తులో తేడా సున్నా నుంచి నాలుగు మిల్లీమీటర్లు, వేళ్లు విచ్చుకోవడానికి చోటు... స్థూలంగా ఇదీ దాని లక్షణం.

జనం ఎగబడ్డారు. ముప్ఫై, నలభై ఏళ్లపాటు మెత్తటి బూట్లలో పెరిగిన పాదాలను ఒక్కరోజులో బయటికి లాగారు. చిక్కొచ్చిపడింది అక్కడే.

తొందరపాటు ఖరీదు

అమెరికాలోని బ్రిగమ్ యంగ్ విశ్వవిద్యాలయంలో సారా రిడ్జ్ బృందం ఓ పరీక్ష చేసింది. పరుగు అలవాటున్న 36 మందిని రెండు జట్లు చేశారు. ఓ జట్టు మామూలు బూట్లతోనే పరుగెత్తింది. రెండో జట్టు పది వారాల్లో మెల్లమెల్లగా వేళ్ల బూట్లకు మారింది. ముందూ, తర్వాతా అందరి పాదాలకూ ఎంఆర్‌ఐ తీశారు. 2013లో ఫలితాలు బయటపెట్టారు. వేళ్ల బూట్లకు మారినవాళ్లలో సగం మందికి పైగా పాదం ఎముకల లోపల వాపు పెరిగింది. మామూలు బూట్ల జట్టులో అలా జరిగింది ఒక్కరికే!

ఎముక లోపలి వాపును పట్టించుకోకుండా పరుగు సాగిస్తే, అది వెంట్రుకవాసి పగులుగా మారొచ్చు. వైద్యులు స్ట్రెస్ ఫ్రాక్చర్ అంటారు. పాదం మధ్యనుండే పొడవాటి మెటాటార్సల్ ఎముకలకు ఈ ముప్పు ఎక్కువ. ఒకసారి వచ్చిందంటే వారాల తరబడి పరుగు బంద్.

మరోవైపు కోర్టు కేసు. ఈ బూట్లు వేసుకుంటే పాదం కండరాలు బలపడతాయని, దెబ్బలు తగ్గుతాయని విబ్రామ్ చేసిన ప్రచారానికి తగిన శాస్త్రీయ ఆధారాలు లేవంటూ 2012లో అమెరికాలో ఓ వినియోగదారు దావా వేశారు. తప్పు చేశామని సంస్థ ఒప్పుకోలేదు కానీ, 2014లో 37.5 లక్షల డాలర్లతో రాజీ కుదుర్చుకుంది. అప్పటికే జనం మోజు తగ్గింది. విచిత్రంగా, దానికి పూర్తి విరుద్ధమైన లావుపాటి సోల్ బూట్ల వైపు గాలి మళ్లింది.

కథ అక్కడితో ముగియలేదు. వట్టికాళ్లవాళ్లకూ, బూట్లవాళ్లకూ ఏడాది పొడవునా తగిలిన దెబ్బలను లెక్కగట్టి 2016లో ఓ అధ్యయనం వెలువడింది. 201 మంది అందులో పాల్గొన్నారు. పరుగెత్తిన దూరాన్ని బట్టి లెక్కేస్తే ఇద్దరికీ దెబ్బలు దాదాపు సమానమే! తగిలే చోటు మాత్రం వేరు. బూట్లవాళ్లకు మోకాలి బాధలు ఎక్కువ. వట్టికాళ్లవాళ్లకు పిక్కల బాధలు, అరికాలి గాయాలు ఎక్కువ. బరువు మాయం కాదు... మోకాలి నుంచి దిగి పిక్క మీద కూర్చుంటుందంతే.

అప్పట్లో ఆధారం లేదన్న మాటల్లో ఒకదానికి మాత్రం తర్వాత ఆధారం దొరికింది. పలచటి బూట్లతో రోజూ మామూలుగా తిరిగినవాళ్ల పాదాల బలం ఆరు నెలల్లో సగటున 57 శాతం పెరిగిందని లివర్‌పూల్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2021లో తేల్చారు. ఎంఆర్‌ఐలతో జనాన్ని హెచ్చరించిన సారా రిడ్జ్ కూడా 2019లో ఇలాంటి ఫలితమే ప్రకటించారు. పలచటి బూట్లతో నడిస్తే చాలు, పాదాలకు ప్రత్యేక వ్యాయామం చేసినంత బలం వస్తుందట. అంటే, తేడా వస్తువులో లేదు. వాడే తీరులో ఉంది. నడిస్తే మందు, ఎగబడి పరుగెత్తితే ముప్పు!

అందరిదీ ఒకే తీరా?

వట్టికాళ్లతో తిరిగేవాళ్లంతా పాదం ముందు భాగం మీదే దిగుతారనుకుంటే అదీ పొరపాటే. కెన్యా ఉత్తర ప్రాంతంలోని దాసనాచ్ తెగవాళ్లు చిన్నప్పటి నుంచీ చెప్పులెరగరు. వాళ్ల పరుగును పరిశీలించి 2013లో ప్రకటించిన ఫలితాలు పరిశోధకులను ఆశ్చర్యపరిచాయి. తమకు హాయిగా ఉండే వేగంతో వెళ్లేటప్పుడు వాళ్లలో ఎక్కువమంది మడమనే ముందు ఆనిస్తున్నారు. వేగం పెంచితే ఆ తీరు మారుతోంది. నేల, వేగం, అలవాటు, దూరం... అన్నీ కలిసి పరుగు తీరును నిర్ణయిస్తాయన్నమాట.

వట్టికాళ్ల పరుగుకు మరో పేరు దక్షిణాఫ్రికా అమ్మాయి జోలా బడ్. 1984 జనవరిలో, పదిహేడేళ్ల వయసులో, 5000 మీటర్ల దూరాన్ని 15 నిమిషాల 1.83 సెకన్లలో పూర్తిచేసింది. ప్రపంచ రికార్డును మించిన పరుగది. కానీ జాతి వివక్ష కారణంగా దక్షిణాఫ్రికాను వెలివేసిన రోజులవి. రికార్డు లెక్కలోకి రాలేదు. అదే ఏడాది బ్రిటన్ తరఫున లాస్ ఏంజెలిస్ ఒలింపిక్స్‌కు వెళ్లింది. 3000 మీటర్ల పరుగులో అమెరికా ఆశాకిరణం మేరీ డెకర్‌తో కాళ్లు తగులుకోవడం, డెకర్ పడిపోవడం, స్టేడియం అంతా గేలి చేయడం... చివరికి ఏడో స్థానంతో సరి. మరుసటి ఏడాది లండన్‌లో 14 నిమిషాల 48.07 సెకన్లతో అధికారికంగానే రికార్డు రాసుకుంది.

మనకు కొత్తేం కాదు

చెప్పుల్లేకుండా నడవడం మనకు ఎవరో నేర్పాల్సిన విద్య కాదు. ఇంట్లో, గుళ్లో, పొలంలో మన పాదం నేలను తాకుతూనే ఉంటుంది. అలిపిరి నుంచి తిరుమలకు 3,550 మెట్లు భక్తులు ఎక్కేది వట్టికాళ్లతోనే. ఆషాఢ పౌర్ణమి వేళ సింహాచలం గిరిప్రదక్షిణలో 32 కిలోమీటర్లు వట్టికాళ్లతో నడుస్తారు. అయ్యప్ప మాల వేసుకున్నవాళ్లు 41 రోజులు చెప్పుల జోలికే వెళ్లరు. 1948 లండన్ ఒలింపిక్స్‌లో ఫ్రాన్స్‌తో తలపడ్డ మన ఫుట్‌బాల్ జట్టులోనూ ఎక్కువమంది వట్టికాళ్లతోనే ఆడారు.

అయితే, గిరిప్రదక్షిణ చేసి వచ్చిన ఇంట్లో మర్నాడు ఏం జరుగుతుందో అందరికీ తెలుసు. పిక్కలు పట్టేసి, అరికాళ్లు బొబ్బలెక్కి మంచం దిగలేని పరిస్థితి! ఏడాదంతా చెప్పుల్లో ఉన్న పాదానికి ఒక్కరోజు భక్తి సరిపోదు. పరుగుకైతే ఆ మాట మరీ వర్తిస్తుంది.

పిల్లల సంగతి మాత్రం వేరు. మణిపాల్‌లోని కస్తూర్బా వైద్య కళాశాల వైద్యులు రావు, జోసెఫ్ 2,300 మంది పిల్లల పాదముద్రలు తీసి చూశారు. 1992లో వెలువడిన ఆ అధ్యయనం ప్రపంచమంతా ఇప్పటికీ ప్రస్తావనకొస్తుంది. బూట్లు, చెప్పులు వేసుకునే పిల్లల్లో 8.6 శాతం మందికి చదును పాదాలుంటే, వట్టికాళ్లతో తిరిగే పిల్లల్లో అది 2.8 శాతమే. అందులోనూ వేళ్లను మూసేసే బూట్లు వేసుకునేవాళ్లలో సమస్య ఎక్కువ. ఆరేళ్ల పిల్లాడు ఇంటి ముందు వాకిట్లో చెప్పుల్లేకుండా గెంతుతుంటే ప్రతిసారీ కేకలేయక్కర్లేదు. నేల శుభ్రంగా ఉందో లేదో చూసుకుంటే చాలు.

మెల్లగా... మెల్లమెల్లగా

మరి పెద్దవాళ్లు మారాలనుకుంటే? పద్ధతి ఒకటుంది. దానికి డబ్బు అక్కర్లేదు, ఓపిక కావాలి. ఒకటి రెండు నెలల్లో అయిపోవాలనుకుంటే మాత్రం అసలు మొదలుపెట్టకపోవడమే మేలు.

మొదట నడక. ఇంట్లో, డాబా మీద, శుభ్రంగా ఉన్న పార్కులో రోజుకు కాసేపు చెప్పుల్లేకుండా తిరగాలి. ఇలా కొన్ని వారాలు. అరికాలి చర్మం గట్టిపడటానికీ, కండరాలు మేలుకోవడానికీ ఈ సమయం అవసరం. కాయలు కాస్తే స్పర్శ పోతుందేమోనన్న భయం వద్దు. కాయలు కాసిన పాదానికీ నేల స్పర్శ బాగానే తెలుస్తుందని 2019లో కెన్యా, అమెరికాల్లో జరిపిన పరిశోధన చెప్పింది.

నడకతో పాటే చిన్న కసరత్తులు. నేల మీద తువ్వాలు పరిచి కాలివేళ్లతో దగ్గరకు లాక్కోవడం, మెట్టు అంచున నిలబడి మడమలు మెల్లగా లేపి దించడం, ఒంటికాలి మీద నిలబడటం. పళ్లు తోముకుంటూ కూడా చేయొచ్చు.

ఆ తర్వాతే పరుగు. మొదటి వారం 400 మీటర్లు మొదలు ఒకటిన్నర కిలోమీటరు వరకు చాలు. అదీ రోజు విడిచి రోజు. పరుగు అలవాటే లేనివాళ్లు 400 మీటర్ల దగ్గరే ఆగాలి. ఆపైన వారానికి పది శాతానికి మించి పెంచకూడదు. లీబర్‌మన్ బృందం ఇచ్చే సలహా కూడా ఇదే. ఇప్పటికే రోజూ అయిదు కిలోమీటర్లు పరుగెత్తేవాళ్లు మిగతా దూరాన్ని పాత బూట్లతో పూర్తిచేసుకోవచ్చు.

నేల ఎలాంటిది? చాలామంది మెత్తటి గడ్డి, ఇసుక అనుకుంటారు. గడ్డిలో ఏముందో కనిపించదు. ఇసుకలో పాదం దిగబడి పిక్కలు తొందరగా అలసిపోతాయి. నున్నగా, గట్టిగా, శుభ్రంగా ఉన్న నేలయితే తప్పటడుగు వెంటనే తెలుస్తుంది. స్కూలు మైదానంలోని ట్రాక్, కాలనీలో ఊడ్చిన సిమెంటు రోడ్డు నయం.

అడుగు ఎలా వేయాలి? చిన్నగా, తేలిగ్గా. పాదం శరీరానికి ఎంతో ముందు పడకూడదు, దాదాపు కిందే పడాలి. మోకాలు కొద్దిగా వంచి ఉంచాలి. నిమిషానికి 170 నుంచి 180 అడుగులు పడితే అంగ దానంతటదే చిన్నదవుతుంది. పాదం ముందు భాగం తాకాక మడమను నేలకు దిగనివ్వాలి. బ్యాలే నాట్యంలా మునివేళ్ల మీదే ఉండిపోతే పిక్కలు పాడవుతాయి. చప్పుడు వింటే చాలు, తప్పు తెలిసిపోతుంది. టపటపమంటుంటే గట్టిగా దిగుతున్నట్టే.

మొదటి రోజుల్లో పిక్కలు నొప్పి పుట్టడం సహజం. తగ్గేదాకా ఆగి మళ్లీ మొదలుపెట్టాలి. పాదం పైభాగంలో ఒకే చోట నొక్కితే నొప్పి, వాపు ఉన్నా... మడమ వెనక స్నాయువు పొద్దున లేవగానే బిగుసుకుపోతున్నా... పరుగు ఆపేసి ఎముకల వైద్యుణ్ని కలవాల్సిందే. పగులు మొదట్లో ఎక్స్‌రేలో కనిపించకపోవచ్చు. 'ఎక్స్‌రేలో ఏమీ లేదన్నారు' అని మళ్లీ పరుగెత్తడం ప్రమాదం.

ఎవరు వద్దనుకోవాలి?

మన దగ్గర అన్నిటికన్నా ముందు చెప్పాల్సిన మాట మధుమేహం గురించి. 2023లో వెలువడిన ఐసీఎంఆర్ అధ్యయనం ప్రకారం దేశంలో పది కోట్ల మందికి పైగా మధుమేహంతో ఉన్నారు. ఏళ్ల తరబడి చక్కెర అదుపులో లేకపోతే పాదాల్లోని నరాలు మొద్దుబారతాయి. మేకు గుచ్చుకున్నా తెలియదు, తార్రోడ్డు కాల్చినా తెలియదు. చిన్న పుండు ముదిరి, వేలో పాదమో తీసేయాల్సి రావచ్చు. వట్టికాళ్ల పరుగు అంతా స్పర్శ మీద ఆధారపడిన విద్య. స్పర్శ తగ్గిన పాదానికి అది పనికిరాదు. ఇలాంటివాళ్లు ఇంట్లో కూడా చెప్పులు వేసుకోవాలని వైద్యులు చెబుతారు. 'మట్టిలో నడిస్తే చక్కెర తగ్గుతుందట' అని ఎవరైనా తాతయ్యకో అమ్మమ్మకో సలహా ఇస్తే, ఇంట్లోవాళ్లే అడ్డుపడాలి.

ఎముకలు గుల్లబారినవాళ్లు, కాళ్లకు రక్తప్రసరణ సరిగా లేనివాళ్లు, ఇదివరకు పాదం ఎముక విరిగినవాళ్లు వైద్యుణ్ని అడగకుండా ప్రయోగాలు చేయకూడదు.

మిగతావాళ్లకూ మన రోడ్ల మీద జాగ్రత్త తప్పదు. గాజుపెంకులు, కంకర, పల్లేరుకాయలు సరేసరి. ఆరుబయట మలవిసర్జన జరిగే చోట తడి మట్టిలో కొంకిపురుగుల పిల్లలు ఉంటాయి. అవి నేరుగా అరికాలి చర్మంలోంచే ఒంట్లోకి చేరతాయి. వేసవిలో తార్రోడ్డు పొద్దున పూట తప్ప పనికిరాదు. ధనుర్వాతం టీకా వేయించుకున్నారో లేదో చూసుకోవాలి. పరుగయ్యాక కాళ్లు కడుక్కుని, వేళ్ల సందులతో సహా ఓసారి పరిశీలించుకోవడం అలవాటు చేసుకోవాలి. ఇంత తంటా ఎందుకనుకునేవాళ్లకు పలచటి అడుగున్న బూట్లు మధ్యే మార్గం.

బికిలా బూట్లు తొడిగాడు

రోమ్‌లో మొదలైన కథకు కొనసాగింపు టోక్యోలో ఉంది. 1964 ఒలింపిక్స్‌కు ఆరు వారాల ముందు బికిలాకు అపెండిక్స్ ఆపరేషన్ అయింది. పరుగెత్తగలడని చాలామంది అనుకోలేదు. అయినా బరిలోకి దిగాడు. 2 గంటల 12 నిమిషాల 11.2 సెకన్లలో ముగించి, వరుసగా రెండుసార్లు ఒలింపిక్ మారథాన్ గెలిచిన తొలి అథ్లెట్‌గా నిలిచాడు. రోమ్ కన్నా మూడు నిమిషాలు వేగం. ఈసారి కాళ్లకు బూట్లున్నాయి!

అంటే బూట్లదే గెలుపా? ఆ లెక్కన చూస్తే ఇప్పుడు బూటు ఎక్కడికో వెళ్లిపోయింది. 2019 అక్టోబరులో వియన్నాలో కెన్యా వీరుడు ఎలియుడ్ కిప్‌చోగే మారథాన్ దూరాన్ని గంటా 59 నిమిషాల 40 సెకన్లలో పూర్తిచేశాడు. కార్బన్ పలక పొదిగిన లావుపాటి సోల్ బూట్లవి. వాటి మందం ఎక్కడ ఆగుతుందోనని, రోడ్డు పరుగులకు 40 మిల్లీమీటర్లు దాటకూడదని 2020లో ప్రపంచ అథ్లెటిక్స్ సంఘం హద్దు గీసింది. అదే సంఘం నిబంధనల్లో మరో మాటా ఉంది. అథ్లెట్లు కావాలంటే వట్టికాళ్లతోనూ పరుగెత్తొచ్చు.

బికిలా మాత్రం బూట్ల గురించి ఏ సిద్ధాంతమూ చెప్పలేదు. రోమ్‌లో బూట్లు సరిపడలేదు, విప్పేశాడు. టోక్యోలో సరిపోయాయి, వేసుకున్నాడు. 1969లో కారు ప్రమాదంలో అతని కాళ్లు చచ్చుబడిపోయాయి. అయినా ఊరుకోలేదు. మరుసటి ఏడాది చక్రాల కుర్చీలో కూర్చుని ఇంగ్లండ్‌లో విలువిద్య పోటీల్లో పాల్గొన్నాడు. 1973 అక్టోబరు 25న, 41 ఏళ్ల వయసులో కన్నుమూశాడు.

వట్టికాళ్లతో నలభై రెండు కిలోమీటర్లు పరుగెత్తిన ఆ రాత్రి వెనక, వట్టికాళ్లతో చేసిన సాధన ఉంది. బూట్లు విప్పడం ఒక్క క్షణం పని. పాదాన్ని సిద్ధం చేసుకోవడమే అసలు పరుగు!